పచ్చిక క్రింది తారు

ధ్యానభాగములు: కీర్తన 51, మత్తయి 5:23, 24



జంగారెడ్డిగూడెం చుట్టుప్రక్కల పొగాకు బ్యారన్లను ఎరుగనివారు లేరు. ఆకు కాల్చుట ముగిసిన పిమ్మట మంట ఆరిపోవును గాని గోడలకు పట్టిన మసి పోదు. మన తెలుగు బిడ్డలు అనేకులు ఉద్యోగములకై వెళ్లిన అమెరికాలోని సియాటిల్ నగరములో, సరస్సు ఒడ్డున, ఇట్టి సంగతియే మరి పెద్దదిగా కనబడుచున్నది.

అక్కడ 1906లో ఒక గ్యాసు కర్మాగారము పని మొదలుపెట్టెను. మనము పేడనుండి గోబర్ గ్యాసు తీసినట్లు, వారు బొగ్గును మూసిన కొలుములలో కాచి గ్యాసు తీసిరి. తరువాత నూనెనుండి తీసిరి. ఊరి పొయ్యిలు వెలిగెను గాని తారు నేలలోనికి ఇంకెను. దూరమునుండి గొట్టములలో సహజవాయువు వచ్చుటతో 1956లో ఆ పని నిలిచిపోయెను.

1962లో నగరమువారు ఆ స్థలమును కొనిరి. దానిని తోటగా మార్చిన రిచర్డ్ హాగ్ అనునాయన తుప్పుపట్టిన బురుజులను పడగొట్టనియ్యలేదు. తారును తినివేయు సూక్ష్మజీవులు పెరుగునట్లు మట్టిలో రంపపు పొట్టు మొదలైనవి కలిపించెను. 1975లో తోట తెరువబడెను. యంత్రశాల పిల్లల ఆటస్థలమాయెను. అయినను 1984లో మట్టిని పరీక్షింపగా విషము ఇంకను కనబడినందున తోటను కొంతకాలము మూసివేసిరి. పైన పచ్చిక మొలిచినంత మాత్రమున క్రింది నేల బాగుపడలేదు.

ప్రియులారా, క్రిస్మసుకు మందిరమునకు సున్నము వేయుదుము, రంగు కాగితములు కట్టుదుము. గాని గట్టు తగవు వలన ఏండ్ల తరబడి మాటలాడుకొనని అన్నదమ్ములు ఒకే చాపమీద కూర్చుండి ప్రభువు బల్లయొద్ద చేయి చాపుట లేదా? దావీదు తన పాపమును కొంతకాలము కప్పుకొనెను. నాతాను వచ్చి గద్దించినప్పుడు అతడు పై మెరుగు కోరలేదు, లోపలి హృదయశుద్ధినే వేడుకొనెను. మన ప్రభువు సహితము అర్పణను బలిపీఠమునొద్ద విడిచి, మొదట సహోదరునితో సమాధానపడుమని ఆజ్ఞాపించెను.

ఆ బురుజులు నేటికిని నిలిచియున్నవి. పౌలు కూడ తాను సంఘమును హింసించినవాడనని దాచలేదు. దానినే కృపకు సాక్ష్యముగా చెప్పెను. తీరిన తగవు సిగ్గు కాదు, సాక్ష్యము. మనుష్యులు ఎన్ని ఏండ్లు శ్రమించినను పూర్తిగా తీయలేని మలినమును క్రీస్తు రక్తము కడుగగలదు. అయితే దాచినదానిని ఆయన యెదుట తెరువవలసినది మనమే.

కాబట్టి రాబోవు సంస్కారపు ఆదివారమునకు ముందే, ఎవరి గడప తొక్కుట మానితిమో ఆ గడపకు వెళ్లుదము. అందుకు ప్రభువు మనకు బలమిచ్చునుగాక. ఆమేన్.