పరాయి ఊళ్ళో మనసు నిలిచేదెలా?



గురజాల ప్రాంతానికి చెందిన ఒక తల్లి ఇటీవల జుమా రోజున వచ్చి తమ బాధ చెప్పుకున్నారు. వారి అబ్బాయి చదువు కోసం హైదరాబాదు వెళ్ళి నెల కూడా కాలేదు. అన్నం సయించడం లేదని, నిద్ర పట్టడం లేదని, ఇంటికి వచ్చేస్తానని రోజూ రాత్రి ఫోన్ చేసి ఏడ్చేవాడట. ఒకనాడు తండ్రి ఫోన్ అందుకుని "మగపిల్లాడివై ఉండి ఈ ఏడుపేమిటి? అల్లాహ్ మీద నమ్మకం లేదా?" అని కోప్పడ్డారు. ఆనాటి నుంచి అబ్బాయి ఫోన్ చేయడమే మానేశాడు. "ఇప్పుడు వాడికి నేనేం చెప్పాలి?" అని ఆ తల్లి అడిగారు.

ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. నడికుడి మీదుగా సికింద్రాబాదు వెళ్ళే రైళ్ళలో మన పల్నాడు పిల్లలు చదువులకూ, కొలువులకూ వెళుతూనే ఉన్నారు. అత్తవారింటికి వెళ్ళిన ఆడపిల్లలకూ, బ్రతుకుతెరువు కోసం గల్ఫ్ దేశాలకు వెళ్ళిన సోదరులకూ ఈ బెంగ తెలియనిది కాదు. మరి ఇంటి మీద బెంగపడటం విశ్వాస లోపమా? దైవప్రవక్త (స) జీవితంలో దీనికి సమాధానం వెదుకుదాం.

బెంగ నేరం కాదు

దివ్యఖుర్ఆన్ నిసా సూరా 66వ ఆయత్‌లో ప్రాణాలు అర్పించడాన్నీ, ఇల్లూ వాకిలీ వదిలి వెళ్ళడాన్నీ పక్కపక్కనే పేర్కొనడం జరిగింది. ఇల్లు విడవడం ఎంత కష్టమో మనల్ని సృష్టించిన ప్రభువుకు తెలుసు. క్రీ.శ. 622లో మక్కా నుంచి హిజ్రత్ చేస్తున్నప్పుడు ప్రవక్త (స) ఆ నగరాన్ని చూస్తూ, అది తమకెంత ప్రియమైనదో చెప్పుకున్నారు. తమ జాతి వెళ్ళగొట్టకపోతే దానిని విడిచేవారమే కాదని అన్నారు. ఈ విషయం తిర్మిజీలో ఉంది.

మదీనా చేరిన కొత్తలో హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) తీవ్రమైన జ్వరంతో మంచం పట్టారు. జ్వరం కాస్త తగ్గినప్పుడల్లా బిలాల్ (రజి) గొంతెత్తి మక్కాను తలచుకునేవారని బుఖారీ గ్రంథం తెలుపుతోంది. అక్కడి గడ్డినీ, మజన్నా నీళ్ళనూ, షామా, తఫీల్ కొండలనూ మళ్ళీ చూస్తానో లేదోనని వాపోయేవారు. మక్కాలో ఆయన బానిసగా ఉండేవారు. మండే ఇసుక మీద పడుకోబెట్టి గుండెల మీద బండరాయి పెట్టింది ఆ ఊళ్ళోనే. అయినా ఆ ఊరి గడ్డిపరక కోసం ఆయన మనసు కొట్టుకుంది. అలాంటప్పుడు మాచర్ల పిల్లవాడు చంద్రవంక వాగును తలచుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే తప్పేమిటి?

ప్రవక్త (స) చేసిన దుఆ

ఈ సంగతి హజ్రత్ ఆయిషా (రజి) వెళ్ళి ప్రవక్త (స)కు తెలిపారు. ఆయన బిలాల్‌ను మందలించలేదు. మక్కాను మరచిపొమ్మని చెప్పలేదు. మక్కా ఎంత ప్రియమో మదీనాను కూడా అంత ప్రియంగా, అంతకంటే ఎక్కువ ప్రియంగా చేయమని అల్లాహ్‌ను వేడుకున్నారు. మదీనా గాలిని ఆరోగ్యకరం చేయమనీ, దాని జ్వరాన్ని తొలగించమనీ, దాని సా, ముద్‌లలో శుభం కలిగించమనీ ప్రార్థించారు. సా, ముద్ అంటే మన మానిక, సోల లాంటి ధాన్యం కొలతలు. అంటే మనసు కోసం, ఆరోగ్యం కోసం, కడుపు కోసం ఆయన దుఆ చేశారన్నమాట. పరాయి ఊళ్ళో ఉన్న ప్రతి ఒక్కరూ నమాజు తర్వాత ఈ మూడింటినీ తమ మాటల్లోనే అడగవచ్చు.

ఆ దుఆ ఫలించింది. తర్వాతి కాలంలో ప్రయాణాల నుంచి తిరిగి వస్తూ మదీనా గోడలు కనబడగానే ప్రవక్త (స) తమ వాహనాన్ని తొందరపెట్టేవారు. 630లో మక్కా జయించినప్పుడు, ఇక ఆయన తమ సొంత ఊళ్ళోనే ఉండిపోతారేమోనని అన్సార్లు దిగులుపడ్డారు. తమ బ్రతుకూ, చావూ వారితోనేనని చెప్పి ఆయన మదీనాకే తిరిగి వచ్చారు. అయితే అది ఒక్క నెలలో జరిగిన మార్పు కాదు. వలస వెళ్ళిన ఎనిమిదేళ్ళ తర్వాతి మాట.

దుఆతో పాటు పని కూడా కావాలి. మదీనాలో సఅద్ బిన్ రబీ (రజి) తమ ఆస్తిలో సగం ఇస్తామన్నా, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) బజారుకు దారి చూపమని మాత్రమే అడిగారు. అక్కడ నెయ్యి, ఎండబెట్టిన పెరుగు అమ్మి సంపాదించుకున్నారు. చేతికి పనీ, రోజుకొక క్రమమూ ఉంటే కొత్త ఊరు మెల్లమెల్లగా మన ఊరవుతుంది. మస్జిద్‌కు వెళితే అదే అజాన్, అదే ఖిబ్లా. పక్కన నిలబడినవారికి సలాం చెబితే పరిచయం మొదలవుతుంది.

ఇంటివారి బాధ్యత

మాలిక్ బిన్ హువైరిస్ (రజి), ఆయనతోపాటు కొందరు యువకులు ధర్మం నేర్చుకోవడానికి వచ్చి ప్రవక్త (స) దగ్గర ఇరవై రాత్రులు ఉన్నారు. వారికి ఇంటి మీద బెంగ కలిగిందని వారు చెప్పకుండానే ఆయన గ్రహించారు. ఇంటి దగ్గర ఎవరెవరిని వదిలి వచ్చారని అడిగి తెలుసుకున్నారు. తర్వాత, ఇళ్ళకు వెళ్ళి నేర్చుకున్నది మీవారికి నేర్పండని పంపించారు. ఇది కూడా బుఖారీలోనిదే. తల్లిదండ్రులకు ఇందులో గొప్ప పాఠం ఉంది. బిడ్డ నోరు తెరవకముందే వాడి మనసు తెలుసుకోవాలి. కొందరిని ధైర్యం చెప్పి నిలబెట్టాలి. కొందరిని కొన్నాళ్ళు ఇంటికి పిలిపించుకోవాలి. వారాల తరబడి తిండీ నిద్రా లేకపోతే స్వయంగా వెళ్ళి చూడాలి, వైద్యుడికి చూపించాలి. చికిత్స చేయించుకోమన్నది కూడా ప్రవక్త (స) ఆదేశమే.

మన గుమ్మం ముందు

మరొక మాట. మిరపకోతల కాలంలో కర్నూలు వైపు నుంచి కూలీలు పిల్లాపాపలతో మన ప్రాంతానికి వస్తారు. చేల గట్ల మీద గుడారాలు వేసుకుంటారు. వారికీ ఊరుంది, బెంగ ఉంది. వలస వచ్చినవారిని ప్రేమించారని, తమకే కొరత ఉన్నా వారికి పెట్టారని హష్ర్ సూరా అన్సార్లను ప్రశంసించింది. హైదరాబాదులో మన బిడ్డను ఎవరైనా ఆదరించాలని కోరుకునే మనం, మన చేనిలోని బిడ్డకు మంచినీళ్ళిచ్చి, పేరడిగి పలకరిస్తున్నామా?

ఆ తల్లికి మేము చెప్పింది ఇంతే. "అమ్మా, వాడి ఫోన్ కోసం ఎదురుచూడకండి. ఈ రాత్రి మీరే చేయండి. వాడి తండ్రిగారి చేత కూడా మాట్లాడించండి. ఏడిస్తే ఏడవనివ్వండి. బిలాల్ (రజి) గాథ చెప్పండి. గదిలో తోడు ఎవరున్నారు, ఏం తిన్నావు అని అడగండి. తర్వాత ముగ్గురూ కలిసి దుఆ చేయండి."

ఓ అల్లాహ్! ఇంటికి దూరంగా ఉన్న మా బిడ్డలకు వారున్న చోటును ప్రియమైనదిగా చెయ్యి. వారికి ఆరోగ్యాన్నీ, తినే అన్నంలో శుభాన్నీ ప్రసాదించు. మా ఊరికి వచ్చినవారి పట్ల మమ్మల్ని అన్సార్ల వంటివారిగా తీర్చిదిద్దు. ఆమీన్.