రేవు దొరకని ఓడలు



అపొస్తలుడైన పౌలు రోమాకు పోయిన ఓడ ప్రయాణమును మీరందరు ఎరుగుదురు. తుపాను, ఓడ బద్దలగుట, మెలితే ద్వీపము, చేతిని పట్టుకొనిన సర్పము, ఇవన్నియు ఆదివారపు బడి పిల్లలు కూడ తడబడక చెప్పగల సంగతులే. అయితే ఆ కథలో మొదటనే యున్న ఒక సంగతిని మనము తొందరలో దాటిపోవుచుందుము. తుపాను రాకముందే పౌలు ఆ ప్రయాణము వద్దని చెప్పెను. కాలము మించిపోయినది, ఇక సముద్రముమీద పోవుట క్షేమము కాదని ఆయన హెచ్చరించెను. శతాధిపతి ఆ మాట వినలేదు. ఓడ నడుపువానిని, ఓడ యజమానుని నమ్మెను. అందుకతనిని మూర్ఖుడనకుడి. ఓడ సంగతి ఓడవారికి తెలియునా, సంకెళ్లలోనున్న ఖైదీకి తెలియునా అని మనమైనను అట్లే తలంతుము. పైగా వారున్న రేవు చలికాలము గడుపుటకు అనుకూలమైనది కాదు. వారు బయలుదేరిననాడు దక్షిణపుగాలి మెల్లగానే విసరుచుండెను.

ప్రయాణము మానినందువలన కలుగు నష్టమును ఆ దినముననే లెక్కకట్టవచ్చును. మాననందువలన కలుగు నష్టము తరువాత గాని కనబడదు. అందుచేతనే మానుమని చెప్పువాని మాట ఎప్పుడును లోకువగా నుండును.

ఇది రెండువేల ఏండ్లనాటి సంగతి మాత్రమే కాదు. 2020వ సంవత్సరమున కరోనా తెగులు లోకమంతట వ్యాపించినప్పుడు సముద్రముమీద జరిగిన కొన్ని సంగతులు మీ ముందుంచగోరుచున్నాను.

విహార ఓడలని గలవు. సరకు మోయుటకు గాని, ఒక ఊరినుండి ఇంకొక ఊరికి చేర్చుటకు గాని కాక, కేవలము తిరిగి చూచుటకే జనులు వాటిని ఎక్కుదురు. ఒక్కొక్కటి నీటిమీద తేలు పెద్ద గ్రామమువంటిది. డైమండ్ ప్రిన్సెస్ అను ఓడలో ఆ ఫిబ్రవరి మాసమున 3,711 మంది యుండిరి. ఆ ఓడను జపాను దేశములోని యొకహామా రేవులో నిలిపివేసిరి. ప్రయాణికులు తమ తమ గదులలోనే దినములు గడపవలసి వచ్చెను. తుదకు 712 మందికి తెగులు సోకినట్లు తేలెను.

ఈ ధనికుల గోడు మనకెందుకని మీలో కొందరనవచ్చును. పొలములో నడుము వంచినవానికి సముద్రవిహారము మాట నవ్వు పుట్టించుట సహజమే. కాని రెండు సంగతులు తలంచుడి. ఆ ఓడలెక్కువారిలో చాలమంది ఉద్యోగము విరమించిన వృద్ధులు. ఏండ్ల తరబడి కూడబెట్టి, పెండ్లియై నలువది ఏండ్లో ఏబది ఏండ్లో నిండినందుకు భార్యాభర్తలు కలిసి పోవుదురు. రెండవది, ఓడ పై అంతస్తులో షికారు చేయువారుండగా క్రింది అంతస్తులో వండువారు, గదులూడ్చువారు, గిన్నెలు తోమువారు నున్నారు. వీరిలో అనేకులు ఫిలిప్పీన్సు, ఇండోనేషియా, భారతదేశముల బీద కుటుంబముల బిడ్డలే. యొకహామాలో నిలిచిన ఆ ఓడలో 132 మంది భారతీయులు పనివారుగా నుండిరి. ప్రయాణికులను గదులలో నుంచి తలుపులు మూయగా, ఆ తలుపులయొద్దకు భోజనపు పళ్లెములు మోసినది ఈ పనివారే. వారికి వేరువేరు గదులు లేవు.

ఇక ఆ సంవత్సరము మార్చి 13వ తేదీన విహార ఓడల కంపెనీల సంఘము అమెరికా రేవులనుండి బయలుదేరు ప్రయాణములను నిలుపుచున్నామని ప్రకటించెను. మరునాడు అక్కడి ప్రభుత్వ ఆరోగ్యశాఖయు ఓడలు కదలరాదని ఆజ్ఞ ఇచ్చెను. పెట్టెలు సర్దుకొన్నవారు, సెలవు పెట్టుకొన్నవారు, మనుమలకు ఏమేమో తెత్తుమని చెప్పినవారు వేలకొలదిగా నిలిచిపోయిరి. కొన్ని కంపెనీలు కట్టిన సొమ్ము తిరిగి తీసికొనుడి, లేనియెడల నూటికి 125 విలువగల మరియొక ప్రయాణము తరువాత చేయుడి అని చెప్పెను. డెబ్బది యెనిమిదేండ్ల ముసలాయనకు తరువాత అను మాట ఎంతవరకు పనికివచ్చును? సొమ్ము తిరిగి కోరినవారిలో అనేకులు నెలల తరబడి కనిపెట్టవలసి వచ్చెను. వారికి కోపము కలిగినదనిన నేను తప్పుపట్టజాలను.

అయితే జాండాం అను ఓడ సంగతి వినుడి. అది మార్చి 7వ తేదీన దక్షిణ అమెరికాలోని బ్యూనస్ ఏరిస్ నుండి బయలుదేరెను. పై ప్రకటనకు ఆరు దినములు ముందు. ఆ ఓడవారికి ఎవరును అడ్డు చెప్పలేదు. వారి టిక్కెట్లు రద్దు కాలేదు. వారు సంతోషముగానే ఎక్కిరి. వారము తిరిగినది మొదలు రేవులు ఒకదాని వెంట ఒకటి మూయబడెను. ఓడలో జ్వరములు బయలుదేరెను. నలుగురు ప్రయాణికులు ఓడలోనే చనిపోయిరి. రాటర్‌డాం అను ఇంకొక ఓడ ఎదురువచ్చి, మందులు అందించి, జబ్బులేనివారిలో అనేకులను తనలోనికి ఎక్కించుకొనెను. పనామా ప్రభుత్వము మొదట తమ కాలువగుండ పోనీయమని చెప్పి, తరువాత మనసు మార్చుకొని దారి ఇచ్చెను. ఏప్రిల్ 2వ తేదీన ఫ్లోరిడాలో వారు ఒడ్డు చేరిరి. అక్కడి గవర్నరు సహితము మొదట సమ్మతింపలేదు.

మార్చి 13న ఇంట నిలిచిపోయి ఏడ్చినవారు ఈ వార్త విని ఏమనిరో ఊహింపవచ్చును. దేవుడు మమ్మును తప్పించెనని అనేకులు అనియుందురు. కృతజ్ఞత చెప్పుట మంచిదే. అది మానవలెనని నేననను. కాని ఆ మాటను కొంచెము ముందుకు నడిపి చూడుడి. దేవుడు నిన్ను తప్పించి, ఆ నలుగురిని విడిచిపెట్టెనా? వారు నీకంటె పాపులా? సిలోయము గోపురము కూలి పదునెనిమిది మంది చచ్చినప్పుడు మన ప్రభువు ఇదే ప్రశ్న వేసి, అట్లు తలంపవద్దని చెప్పలేదా? ఒకని టిక్కెట్టు రద్దయినది, మరియొకనిది కాలేదు. ఇందులో ఎవరి పుణ్యమును తూచుటకు మనకు త్రాసు ఇయ్యబడలేదు. తప్పించుకొన్నవాడు, చిక్కుకొన్నవాడు ఇప్పుడు ఎక్కడ నున్నాడని వెదకుటయే తగిన కృతజ్ఞత యని నాకు తోచుచున్నది.

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్నకు వచ్చుచున్నాము. సముద్రముమీద రోగులతో ఓడ నిలిచియున్నది. రేవులో ఊరున్నది, ఊరిలో పిల్లలు, ముసలివారు నున్నారు. తలుపు తీయవలెనా?

తీయవలెనని వెంటనే చెప్పుట భక్తిగా వినబడును. కాని సిడ్నీ నగరములో జరిగినది చూడుడి. 2020 మార్చి 19న రూబీ ప్రిన్సెస్ అను ఓడ అక్కడికి వచ్చెను. అందులో జ్వరపడినవారు కలరు. వారి పరీక్షల ఫలితములు రాకముందే సుమారు 2,700 మందిని దిగి పొమ్మనిరి. వారు రైళ్లలోను విమానములలోను దేశమంతట చెదరిపోయిరి. ఆ ఓడతో సంబంధించి 28 మంది చనిపోయిరి. ఆరోగ్యశాఖవారు ఘోరమైన పొరపాట్లు చేసిరని ఆగస్టులో విచారణ సంఘము తేల్చెను. అక్కడ తలుపు తెరచిరి గాని అది దయచేత తెరచినది కాదు, అజాగ్రత్తచేత తెరచినది. చనిపోయినవారికి ఈ భేదము వలన లాభమేమి?

మూయవలెనని చెప్పుటయు అంత సులభము కాదు. వెస్టర్‌డాం అను ఓడలో ఆ ఫిబ్రవరిలో రోగము కనబడలేదు. అయినను ఫిలిప్పీన్సు, తైవాను, జపాను, గ్వాము, థాయిలాండు, ఇన్ని చోట్ల రేవు దొరకలేదు. సుమారు రెండువారములు రెండువేలకు పైబడిన జనము నీళ్లమీద తిరిగిరి. తుదకు ఫిబ్రవరి 13న కంబోడియా వారు సిహనూక్‌విల్ రేవులో చోటిచ్చిరి. ఆ దేశపు ప్రధానమంత్రి హున్ సేన్ రేవుకు వచ్చి పూలిచ్చి వారిని దింపుకొనెను. ఇది రాజకీయమని కొందరనిరి, అయియుండవచ్చును. దిగిన ఒక స్త్రీకి తెగులున్నదని మలేషియాలో తేలగా లోకమంతయు కంబోడియాను నిందించెను. తరువాత ఆమెకు ఆ తెగులు లేదని నిర్ధారించిరి. అయితే ప్రతివారిని పరీక్షింపకయే పంపివేసిరి గనుక, కీడు జరుగనంతమాత్రమున అది వివేకమైన పనియని నేననజాలను. భీతిల్లి మూసినవారును, సందడిగా తెరచినవారును ఓడలో నిజముగా ఏమున్నదో ఎరుగనివారే.

ఈ చిక్కు కొత్తది కాదు. 1377వ సంవత్సరమున, మహా తెగులు యూరపును పాడుచేసిన కాలములో, ఇప్పుడు డుబ్రోవ్నిక్ అని పిలువబడు రగూసా పట్టణపు పెద్దలు ఒక కట్టడ చేసిరి. తెగులున్న చోట్లనుండి వచ్చువారు ముప్పది దినములు ఊరి వెలుపల నిలిచి, తరువాత లోపలికి రావచ్చును. నిలుచుటకు ఒక చిన్న దీవిని, ఒక చిన్న పట్టణమును ఏర్పరచిరి. తరువాత ఆ గడువు నలువది దినములాయెను. మనము 2020లో వినివిని విసిగిన క్వారంటైను అను మాట ఆ నలువది అను లెక్కనుండి పుట్టినదే. 1423లో వెనీసు వారు రోగులకొరకు ఒక దీవిమీద ఆసుపత్రియే కట్టిరి. ఈ పెద్దలు భక్తులో కారో నాకనవసరము. వ్యాపారము పోవునను భయముచేత చేసియుండవచ్చును. కాని వారి కట్టడలో ఒక మర్మమున్నది. వారు రాబోవువానిని పొమ్మనలేదు, రమ్మనను లేదు, నిలువుమనిరి. నిలువుమని చెప్పినందున నిలుచుటకు చోటు చూపవలసిన వారైరి. పొమ్మనువానికి ఆ బాధ్యత లేదు. చోటుకు కప్పు కావలెను, నీళ్లు కావలెను, అన్నము మోయువాడొకడు కావలెను.

మార్చి 18న క్యూబా దేశపు మరియేల్ రేవులో జరిగినది ఇట్టిదే. బ్రేమార్ అను ఆంగ్లేయుల ఓడలో అయిదుగురికి తెగులు తేలియుండెను. వేరుచోట్ల రేవు దొరకలేదు. క్యూబా బీద దేశము. వారు ఓడను రానిచ్చి, ప్రయాణికులను ఊరిలోనికి పోనీయక బస్సులలో తిన్నగా విమానములయొద్దకు చేర్చి, రోగులను వేరుగా నుంచి, ఇంగ్లాండుకు పంపివేసిరి. భయము వారికిని లేకపోలేదు. ఆ భయమును జాగ్రత్తలో పెట్టిరి, గొళ్లెములో పెట్టలేదు.

ప్రియ సహోదరులారా, సహోదరీలారా, రేవులేని పల్లెవారమైన మనకు ఈ ప్రశ్న తగులలేదని తలంపకుడి. ఆ మార్చి మాసాంతమున తెలంగాణములోను ఆంధ్రదేశములోను ఎన్నో ఊళ్ల పొలిమేరలలో దారికి అడ్డముగా ముళ్లకంపలు వేయబడెను. మార్చి 25న హైదరాబాదునుండి ఇండ్లకు బయలుదేరిన చదువుకొను పిల్లలు, కూలివారు, చిన్న ఉద్యోగులు జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఎండలో నిలిచిపోయిరి. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మత్స్యకారులు వేలమంది గుజరాతులోని వెరావల్ రేవులో చిక్కుకొని, నెలకు పైగా తమ పడవలలోనే పండుకొని, ఏప్రిల్ చివరను బస్సులెక్కి గాని ఇల్లు చేరలేకపోయిరి. ముళ్లకంప వేసినవారు దుర్మార్గులు కారు. ఊరిలో దగ్గు పట్టిన నాయనమ్మ యున్నది, ఆసుపత్రి ముప్పది మైళ్ల దూరమున నున్నది. కాని కంపకు అవతల చేత సంచితో నిలిచినవాడు కూడ ఆ ఊరి బిడ్డయే. కంప వేసిన తరువాత ఏమి చేసిరి? కొన్ని ఊళ్లలో బడి గదులు ఊడ్చి, చాపలు పరచి, పదునాలుగు దినములు ఇక్కడ నుండుమని చెప్పిరి. కొందరికి మోటారు కొట్టమో, పొలములోని చెట్టునీడయో దొరికెను. కొందరు వచ్చిన దారినే వెనుకకు నడిచిపోయిరి.

మెలితే ద్వీపవాసులు ఆ వర్షములో, ఆ చలిలో, 276 మందికి నిప్పు రాజబెట్టిరి. వచ్చినవారు ఖైదీలో, కావలివారో, ఓడవారో వారికి తెలియదు. పౌలు చేతిని సర్పము పట్టినప్పుడు ఇతడు నరహంతకుడై యుండవలెనని వారు అనుకొనిరి కూడ. అట్లనుకొనియు అతనిని మంటయొద్దనుండి వెళ్లగొట్టినట్లు వ్రాయబడలేదు. మూడు నెలలైన తరువాత ఓడ ఎక్కునప్పుడు దారికి కావలసిన వస్తువులు తెచ్చి ఓడలో ఉంచిరి.

ఈ ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, 2020లో మన పొలిమేరలో కంప ఎవరు వేసిరి, ఎవరు తీసిరి, బడి తాళపుచెవి ఎవరియొద్ద నుండెను, కంప అవతల నున్నవారికి అన్నము ఎవరు మోసిరి అని మీ ఊరి పెద్దలను అడిగి తెలిసికొనుడి. వారింకను మన మధ్యనే యున్నారు.