భయమునకు తగిన చోటు

మనుష్యునకు సహజములైన భావములలో భయమంతగా నిందింపబడినది మఱియొకటి లేదు. పిరికితనమనియు, చేతకానితనమనియు దానికి పేర్లు పెట్టితిమి. పరీక్షకు పోవు బిడ్డ చేయి వణకినచో భయపడవద్దని చెప్పుట తప్ప మనకు వేఱొక ఓదార్పు తెలియదు. కాని భయములన్నియు ఒకే జాతివి కావు. ఒక భయము మనుష్యుని పనినుండి తప్పించును. మఱియొక భయము ఆ పనినే శ్రద్ధగా నేర్పించును. ఈ రెంటికిని గల భేదమును మన కుటుంబములు గుర్తింపవలసియున్నదని మాకు తోచుచున్నది. అందులకు ఒక చిన్న ఉదాహరణమును తీసికొని విచారింతము.

అమెరికా దేశమున పిల్లల ప్రయాణ రక్షణ టెక్నీషియన్లను తయారుచేయు శిక్షణ యొకటి కలదు. కారులో శిశువును కూర్చుండబెట్టు ప్రత్యేకమైన సీటును సరిగా బిగించుట, బిడ్డను అందులో సరిగా కట్టుట, ఆ పనిని తలిదండ్రులకు నేర్పుట అందలి విషయములు. సేఫ్ కిడ్స్ వరల్డ్‌వైడ్ అను సంస్థ అర్హతాపత్రము నిచ్చును. తరగతి సాధారణముగా మూడు నాలుగు దినములు సాగును. అగ్నిమాపక దళమువారు, నర్సులు, పోలీసులు, గృహిణులు మున్నగువారు అందు చేరుచుందురు. వ్రాత పరీక్షలును, చేతిపని పరీక్షలును ఉండును. కడపట నిజమైన కుటుంబములు తమ కార్లతో వచ్చును. వారి సీట్లను అభ్యర్థులు గురువుల యెదుట సరిచూడవలెను.

సోలాపూరు మగ్గముల పేటలనుండి చదువుల కొఱకును కొలువుల కొఱకును పుణె, ముంబయి, హైదరాబాదులకును, అటనుండి సముద్రముల కావలికిని పోయిన మన పిల్లలు కలరు. అట్టివారిలో జోడ్‌భావి పేట ఆడపడుచు ఒకతె ఈ తరగతికి పేరిచ్చెననుకొందము. తెల్లవారినచో తరగతి, ఆమెకు నిద్ర పట్టదు. ఇంట తెలుగును, వీధిలో మరాఠీని, కొలువులో ఇంగ్లీషును పలికిన నాలుక అపరిచితుల యెదుట తడబడునేమో. బలిష్ఠులైన అగ్నిమాపక దళమువారి నడుమ తన చేతులకు బెల్టు బిగియదేమో. పరీక్ష తప్పినచో నలుగురును నవ్వుదురేమో. ఇవి పైకి కనబడు భయములు. వీని యడుగున మఱియొకటి దాగియున్నది: సరిగా నున్నదని తాను చెప్పిన సీటులో ఒక బిడ్డకు హాని కలిగినచో? ఇంత భయముతో ఆమె తరగతికి పోవలెనా, మానవలెనా? ఇదియే మన ప్రశ్న.

ఆమె భయమునకు కారణము కల్పితము కాదు. గంటకు 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు దేనినో ఢీకొని సెకనులో పదవవంతు కాలమున ఆగెననుకొందము. ఒడిలోనున్న 10 కిలోల బిడ్డను పట్టియుంచుటకు తల్లి చేతులు సుమారు 140 కిలోల బరువును నిలుపునంత బలము చూపవలసియుండును. అది ఎవరికిని సాధ్యము కాదు. తల్లి యొడిని మించిన రక్ష లేదని మనము తరతరములుగా నమ్మితిమి. ఇంటి నడుమ ఆ మాట నిజమే. పరుగెత్తు యంత్రములో నిజము కాదు. సరియైన సీటు వలన కార్లలో ఏడాదిలోపు శిశువులకు ప్రాణాపాయము 71 శాతమును, 1 మొదలు 4 ఏండ్ల పిల్లలకు 54 శాతమును తగ్గునని అమెరికా రహదారి రక్షణ శాఖ గణించినది. ఆ శాఖయే 2011లో జరిపిన పరిశీలనలో ఇంచుమించు 46 శాతము సీట్లు ఏదో యొక విధముగా తప్పుగా వాడబడుచుండెనని తేలినది. ఇది సీటు కొనని వారి సంగతి కాదు. కొని, ప్రేమతో బిగించి, అంతయు సరిగానే యున్నదని నమ్మిన తలిదండ్రుల సంగతి.

నేతపనివారి బిడ్డలకు సులభముగా బోధపడు విషయమొకటి ఇక్కడ కలదు. నేతలో తప్పు ఎక్కడ జరిగెనో అక్కడనే బట్ట చెప్పును. పడుగు పోగు తెగిన చోట గీటు పడును. నేర్పరి దానిని చూచి, మగ్గము నిలిపి, పోగు నతికి, మరల నాడె వేయును. అతడు చూడకపోయినను కొనువాడు చూచును. ఎంత నష్టమైనను అది గుడ్డకే. సీటులోని తప్పు అట్టిది కాదు. బెల్టు వదులుగా నున్నను బిడ్డ హాయిగానే నిద్రించును. నెలలు గడచును, ఏండ్లు గడచును, తప్పు నోరు విప్పదు. ఆపద వచ్చిన క్షణముననే అది బయటపడును. అప్పుడు విప్పి మరల నేయుటకు వీలుండదు. కంటికి కనబడని తప్పునకు జంకుట పిరికితనమగునా? కాదని మా యభిప్రాయము. చేపట్టిన పని యెట్టిదో గుర్తించినవానికే ఆ జంకు కలుగును.

పరీక్ష యనగా నేమో కూడ దీనివలన తేటపడుచున్నది. మనము పరీక్షను న్యాయస్థానము వలె తలచి, అందు మన యోగ్యతకు తీర్పు చెప్పబడునని వణకుచున్నాము. నిజమునకు పరీక్ష యనగా తప్పు చేయుటకు కల్పింపబడిన నిరపాయమైన చోటు. అభ్యాసము చేయునప్పుడు సీటులో నుండునది బొమ్మ. బెల్టు పోవు తావున సీటును పట్టి కదలించినప్పుడు అది అంగుళమునకు మించి కదలినచో గురువు చూపును. విప్పి మరల బిగింపవచ్చును. భుజము కడ పట్టీని వ్రేళ్లతో గిల్లి చూచినప్పుడు మడత చిక్కినచో అది వదులని తెలియును. చలికాలమున దళసరి కోటు తొడిగి దానిపై పట్టీలు బిగింపరాదు. బిడ్డను కట్టిన పిదప పైన దుప్పటి కప్పవలెను. సోలాపూరు దుప్పటి నేసిన చేతులవారు గుర్తుంచుకొనదగిన మాట యిది.

ఇంకను చూడుడు. అక్కడి వ్రాత పరీక్షలలో పుస్తకము తెఱచి చూచుటకు అనుమతి కలదు. ఏలయన ఈ పనిలో జ్ఞాపకమును నమ్మి ఊహించువానికంటె, సీటుతో వచ్చిన పుస్తకమును, కారుతో వచ్చిన పుస్తకమును విప్పి చదువువాడే మేలు. అర్హతాపత్రము సైతము రెండేండ్ల వఱకే చెల్లును. పిమ్మట నైపుణ్యమును మరల నిరూపించుకొనవలెను. నేర్చితిని గదా యని నిశ్చింతగా కూర్చుండుటకు ఈ విద్య ఒప్పుకొనదు. కొంత భయమును అది తన నియమములలోనే నిలుపుకొన్నది.

ఇప్పుడు ఆ యాడపడుచు భయములను విడదీసి చూతము. నాలుక తడబడునేమో, తప్పుదునేమో, నవ్వుదురేమో అను వానికన్నిటికిని నడిబొడ్డు తాను. బిడ్డకు హాని కలుగునేమో అను దానికి నడిబొడ్డు పరుల బిడ్డ. మొదటిది ఎంత పెరిగినను చేతికి నేర్పు రాదు; పైగా అది తప్పును దాచుమని పురికొల్పును. తెలియని దానిని తెలిసినట్లు నటించుటకు గర్వమెంత మూలమో, ఈ సిగ్గును అంత మూలము. రెండవది తెలియదని ఒప్పించును, అడిగించును, బిగించిన దానిని రెండవమారు లాగి చూపించును. రెండు సందర్భములందును చేతులు ఒకే తీరున వణకవచ్చును. ఏ భయము మనలను వణకించుచున్నదో తెలిసికొనుటకు గుఱుతు ఒక్కటే: తప్పు జరిగినప్పుడు దానిని కప్పిపుచ్చుదుమా, గురువునకు చూపి దిద్దుకొందుమా?

పద్మశాలీలకు మూలపురుషుడైన మార్కండేయుని కథను మనము ఏటేట స్మరించుచున్నాము. శ్రావణ పూర్ణిమనాడు సోలాపూరు వీధులలో ఆయన రథము కదలును. మృకండుడును మరుద్వతియు కన్న ఆ బాలునకు ఆయువు పదునాఱేండ్లే. కాలుడు పాశముతో వచ్చినప్పుడు ఆ బాలుడు శివలింగమును గట్టిగా కౌగిలించుకొనెను. అంత గట్టిగా పట్టుకొనుట భయమెఱుగనివాని లక్షణము కాదు. ఆపదలో దేనిని పట్టుకొనవలెనో అతడెఱుగును. పట్టిన దానిని విడువలేదు. ఇక అభిమన్యుని కథ కూడ మనకు తెలిసినదే. అతని ధైర్యమునకు కొదువ లేదు. పద్మవ్యూహమును చొచ్చుట తెలియును, వెడలుట తెలియదు. ధైర్యము విద్యలోని వెలితిని పూరింపజాలదు. తాను సగమే నేర్చితినని జంకువానికి మిగిలిన సగము నేర్చుకొను దారి తెఱచియుండును. ఆ జంకు లేనివాడు దారి వెదకనే వెదకడు.

ఇంతగా భయపడువారు తప్పుకొని, ధైర్యవంతులకు విడిచిపెట్టుట మేలు గదా యని కొందఱనవచ్చును. ఈ మాట వినుటకు వినయముగా నుండును. కాని ఫలితము చూడుడు. మనస్సాక్షి గలవారు తమ భయముచేత తొలగిపోయినచో, ఆ చోటు ఖాళీగా నుండదు. ఏ భయమును లేనివాడు వచ్చి కూర్చుండును. అతడు సీటును ఒకమారు తట్టి, బాగున్నదని పంపివేయును. శ్రద్ధగలవారు విడిచిన పని అశ్రద్ధగలవారి పాలగును. నష్టపడునది మాత్రము మాటలు రాని శిశువు. కావున తప్పుకొనుట ఎల్లప్పుడును నిరపాయమైన మార్గము కాదు. అందును బాధ్యత కలదు.

వేఱొక ఆక్షేపణము దీనికంటె బలమైనది. ఎంత నేర్చినను మనుష్యుడు తప్పు చేయును. అట్టి వాడు పరుల బిడ్డ ప్రాణమునకు ఎట్లు పూచీ పడును? దీనికి ఆ శిక్షణయే చక్కని సమాధానము చెప్పుచున్నది. టెక్నీషియన్ తానే సీటు బిగించి ఇచ్చి పంపరాదు. తలిదండ్రులకు చూపవలెను, చెప్పవలెను, చివరకు వారిచేతనే బిగింపించి చూడవలెను. ఏలయన రేపు సీటు తీసి మరల పెట్టవలసినవారు వారే. బిడ్డ ఎదుగును, పట్టీల ఎత్తు మారును, కారు మారును. ప్రతిమారును టెక్నీషియన్ ప్రక్క నుండడు. కాబట్టి భారమంతయు ఒక్కని నెత్తిమీద నుండదు. తెలిసినవాడు తెలివిని పంచును, తలిదండ్రులు చేతిని అందింతురు. మనుమని పుట్టుకకు ఇక్కడినుండి పోయిన అమ్మమ్మకు, బిడ్డ ఏడ్చుచున్నను పట్టీలు ఏల విప్పరాదో తెలుగులో నెమ్మదిగా చెప్పగల ఆడపడుచు అక్కడ నుండుట ఎంత మేలో వేఱుగ చెప్పనేల? తడబడునని ఆమె వెఱచిన నాలుకయే ఆ వేళ అక్కఱకు వచ్చును.

ఈ పద్ధతి మన యిండ్లకు క్రొత్త కాదు. మగ్గమున్న యింట దూలమునకు చీరతో ఉయ్యాల కట్టుట మనమెఱుగుదుము. ముడి వేసిన తల్లి బిడ్డను వెంటనే పరుండబెట్టదు. రెండు చేతులతో చీరను పట్టి, తన బరువు మోపి, క్రిందికి లాగి చూచును. ముడి మీద అనుమానమా? లోకము నవ్వునను బెదరా? రెండును కావు. బిడ్డ బరువు పడక ముందు తన బరువు పడవలెనని ఆమె యెఱుగును. అంగుళమునకు మించి కదలరాదని సీటును పట్టి లాగిచూచు టెక్నీషియన్ చేయునదియు అదే పని. మన యవ్వలు ఏ పత్రమును లేకయే ఈ పాఠమును నేర్చిరి. మారినది ముడి, మారనిది లాగిచూచుట.

ఐనను ఉయ్యాలకు చూపిన జాగ్రత్తను మనము బండికి చూపుచున్నామా? స్కూటరు మీద ముందు ఒక బిడ్డను నిలిపి, వెనుక తల్లి యొడిలో ఇంకొక బిడ్డను ఉంచి పోవు దృశ్యము మన ఊళ్లలో సామాన్యము. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము పదునాలుగేండ్లు నిండని పిల్లలను బెల్టుతో గాని, పిల్లల సీటుతో గాని భద్రపఱుపనిచో 1000 రూపాయల జరిమానా విధించినది. 2022లో ప్రకటింపబడి 2023 ఫిబ్రవరిలో అమలునకు వచ్చిన నియమము ప్రకారము, నాలుగేండ్లలోపు పిల్లలను మోటారు సైకిలు మీద తీసికొనిపోవునప్పుడు వారిని నడుపువానితో కలిపి కట్టు పట్టీ యుండవలెను. తొమ్మిది నెలలు దాటినవారికి హెల్మెటు ఉండవలెను. వేగము గంటకు 40 కిలోమీటర్లను మించరాదు. చట్టము జరిమానాను మోపగలదు. ముడిని లాగిచూచు చేతిని మోపజాలదు. దగ్గఱి దారియే గదా యని అనుకొను నిర్భయత మన మధ్య ధైర్యము పేరుతో చెలామణి యగుచున్నది. దానిని ధైర్యమనుట తగదు. బిడ్డ ప్రాణమును పణముగా నొడ్డి మనము చూపు నిర్లక్ష్యమది.

కావున ఆ యాడపడుచు తరగతికి పోవలెను. భయము పోయిన పిదప పోదునని కాచుకొనరాదు; పోగొట్టుకొని పోవలసిన పనియు లేదు. తన పరువును గూర్చిన భయమును గడప యీవల విడిచి, బిడ్డను గూర్చిన భయమును వెంట గొనిపోవలెను. అదియే ఆమెచేత పుస్తకము తెఱపించును, తెలియదనిపించును, మరల ఒకమారు లాగి చూపించును. ఆమె తప్పినను మరల వ్రాయవచ్చును. ఆ తప్పుట వలన ఏ బిడ్డకును గాయము కాదు. ఆమె పెద్దలు చేయవలసినదియు ఒకటి కలదు. భయపడకు అని ఫోనులో చెప్పుటకు మాఱుగా, దేనిని గూర్చి భయపడుచున్నావని అడుగవలెను. ఆమె సమాధానములో ఒక బిడ్డ యున్నచో సంతోషింపవలెను.

మన పేట పేరులోని భావి జంటబావులను తలపించుచున్నది. తెలుగున భావి యనగా రాబోవు కాలము. ఆ కాలము నేడు మన బండ్ల మీద, మన యొడులలో కూర్చుండియున్నది. దానిని తీసికొని బయలుదేరునప్పుడు మన చేయి కొంచెము వణకుట దోషము కాదు. వణకిన చేయి ముడిని విడిచి వెనుకకు పోరాదు. ముడిని బిగించి, లాగి చూచి, అప్పుడు కదలవలెను.