యంత్రనేత్రానికి ప్రామాణ్యం ఎక్కడిది?

ప్రత్యక్షాన్ని భారతీయ దర్శనాలన్నీ ప్రమాణంగా, అంటే యథార్థ జ్ఞానాన్ని కలిగించే సాధనంగా అంగీకరించాయి. అయితే అలా కలిగిన జ్ఞానం యథార్థమేనని నిశ్చయించేది ఏది అన్న ప్రశ్న దగ్గర అవి చీలిపోయాయి. జ్ఞానం పుట్టినప్పుడే దాని యథార్థత కూడా దానితోపాటే భాసిస్తుందని, దోషం బయటపడేవరకు శంకించవలసిన పని లేదని కుమారిలభట్టు మొదలైన మీమాంసకులు అన్నారు. దీనికి స్వతఃప్రామాణ్య వాదమని పేరు. యథార్థత తెలియాలంటే ఆ జ్ఞానానికి వెలుపల మరొక ఆధారం కావాలని నైయాయికులు వాదించారు. ఇది పరతఃప్రామాణ్య వాదం. సినిమా షూటింగుకు ముందు జరిపే కెమెరా పరీక్షను విచారిస్తే, ఈ పాత వివాదం నేటికీ ఎంత సజీవమో తెలుస్తుంది. ఆ చిత్రీకరణ అండమాన్ నికోబార్ దీవుల వంటి దూరప్రాంతంలో జరిగేటప్పుడు నైయాయికుల పక్షానికి బలం మరింత పెరుగుతుంది.

తర్కసంగ్రహాన్ని రచించిన ఆంధ్ర పండితుడు అన్నంభట్టు, ఇంద్రియానికి వస్తువుతో కలిగే సంబంధం వల్ల పుట్టే జ్ఞానమే ప్రత్యక్షమని నిర్వచించాడు. ఈ నిర్వచనం ప్రకారం చూపు ఎంత నమ్మదగినదన్నది ఇంద్రియం ఎంత నిర్దుష్టమన్న దానిపై ఆధారపడుతుంది. పిత్తదోషం ఉన్న కంటికి తెల్లని శంఖం పచ్చగా కనిపించడం శాస్త్రకారులు తరచుగా చెప్పే ఉదాహరణ. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెత కూడా ఆ సంగతే చెబుతుంది. ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, ఆ పచ్చదనం వస్తువుది కాదని చూస్తున్న కంటికి తనంతట తానుగా తెలియదు. కెమెరా స్థితి సరిగ్గా ఇదే. దట్టమైన అడవిలో ఆకుల మీదుగా దిగిన వెలుగు ముఖాలపై ఆకుపచ్చ ఛాయను పులుముతుంది. పగడపు ఇసుక మీద పడిన ఎండ కింది నుంచి ఎగసి నీడలను చెరిపేస్తుంది. తెలుపును తెలుపుగా గ్రహించేటట్లు సరిచేయని కెమెరా ఆ వికారాన్నే వస్తువు స్వరూపంగా నమోదు చేస్తుంది, ఆ బొమ్మలో దోషాన్ని సూచించే గుర్తు ఏదీ ఉండకపోవచ్చు.

అందువల్ల పరీక్షకు కావలసిన ప్రతి పరికరమూ ఒక్కొక్క దోషాన్ని బయటపెట్టే సాక్షి వంటిది. తనమీద పడిన వెలుగులో 18 శాతాన్ని తిరిగి వెదజల్లే గ్రే కార్డు, ఎక్స్‌పోజరుకు, అంటే సెన్సారుపై పడనిచ్చే వెలుగు పరిమాణానికి, కొలమానమవుతుంది. ముందే నిర్ణయించిన రంగుల గళ్లున్న కలర్ చార్టు వర్ణదోషాన్ని పట్టిస్తుంది. ఫోకస్ చార్టు, కొలత టేపు కలిసి లెన్సు మీద చెక్కిన దూరానికి, నిజంగా స్పష్టంగా కనిపించే దూరానికి తేడా ఉన్నదా అని చెబుతాయి. సినిమా లెన్సులను బిగించే పీఎల్ మౌంట్ ఉన్న కెమెరాలో లెన్సు ఆనే తలం నుంచి సెన్సారు వరకు 52 మిల్లీమీటర్లు ఉండాలి, అందులో వెంట్రుకవాసి తేడా వచ్చినా వైడ్ లెన్సుల ఫోకస్ తప్పుతుంది. లెన్సుకు మూత పెట్టి తీసిన చీకటి దృశ్యంలో సెన్సారు లోపాలు బయటపడతాయి. వీటికి తోడు లైట్ మీటరు, ఎండ తీవ్రతను తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్లు, రంగులు సరిచూసిన మానిటరు, వెలుగు స్థాయిలను గీతలుగా చూపే వేవ్‌ఫామ్, చిత్రంలో వాడబోయే దుస్తులు, నటించబోయేవారి ముఖాలు కావాలి.

నైయాయికులు మరొక సూక్ష్మమైన భేదం చెప్పారు. పదేపదే పరిచయమైన స్థితిలో, అంటే అభ్యాసదశలో, జ్ఞానాన్ని వెంటనే నమ్మవచ్చు. పరిచయం లేని అనభ్యాసదశలో మాత్రం సంశయం సహజం, పరీక్ష అవసరం. హైదరాబాదు స్టూడియోలో ఏళ్ల తరబడి పనిచేసిన ఛాయాగ్రాహకుడికి అక్కడి వెలుగు అభ్యాసదశకు చెందినది; దీవుల వెలుగు అలాంటిది కాదు. ఉప్పుగాలి, తేమ పరికరాల్లోకి చొరబడతాయి. ఏసీ గదిలోనుంచి బయటికి తెచ్చిన లెన్సుపై క్షణాల్లో ఆవిరి పడుతుంది. దేశమంతటికీ ఒకే గడియారం కావడం వల్ల తూర్పున ఉన్న ఈ దీవుల్లో చలికాలంలో సాయంత్రం ఐదు గంటల ప్రాంతానికే పొద్దు గుంకుతుంది. చెన్నై నుంచి ఓడ రావడానికి సుమారు మూడు రోజులు పడుతుంది గనుక, అద్దెకు తెచ్చిన కెమెరా మొరాయిస్తే బదులు దొరకడం కష్టం. 1896, 1906 మధ్య ఈ దీవుల్లో కట్టిన సెల్యులర్ జైలులోని గదుల్లో ఒక్కొక్కదానికి నేల నుంచి సుమారు మూడు మీటర్ల ఎత్తున చిన్న గవాక్షం ఉంటుంది; అక్కడి తీవ్రమైన వెలుగును, కింది చీకటిని ఒకే దృశ్యంలో ఇముడ్చుకోగల శక్తి సెన్సారుకు ఎంత ఉన్నదో అక్కడే పరీక్షిస్తే తప్ప తెలియదు. ఈ జైలు కథతో 1996లో విడుదలైన కాలాపాని వంటి చిత్రాలు ఫిలిం మీద తీసినవి. నెగటివ్‌ను ల్యాబులో కడిగితే గానీ ఫలితం కనిపించని ఆ రోజుల్లో ముందు పరీక్షే ఏకైక ఆధారం.

దీనికి మీమాంసకుల ఆక్షేపణ బలమైనదే: కెమెరాను చార్టు పరీక్షిస్తే, చార్టును పరీక్షించేది ఏది? ఇలా అంతులేకుండా సాగిపోవడాన్ని అనవస్థా దోషం అంటారు. ఈ భయం నిరాధారం కాదు. కొడాక్ సంస్థ ప్రయోగశాలలకు పంపిన ప్రమాణ చిత్రాల్లో దశాబ్దాల పాటు తెల్లజాతి స్త్రీల ముఖాలే ఉండేవి. ఆ ప్రమాణానికి సరిపెట్టిన ఫిలింలో నల్లని ముఖాల వివరాలు నీడలో కలిసిపోయేవి. అంటే కొలబద్దలోనే దోషం ఉండవచ్చు. నైయాయికులు దీనికి ప్రవృత్తి సాఫల్యాన్ని, అంటే ఆ జ్ఞానాన్ని నమ్మి చేసిన పని ఫలించడాన్ని, సమాధానంగా చెప్పారు: కనిపించినది నీరేనని దప్పిక తీరడం వల్ల తేలుతుంది. ఆ న్యాయం ప్రకారం అసలు నటుడి ముఖాన్ని, అసలు స్థలంలో, అసలు వెలుగులో చిత్రించి పెద్ద తెరపై చూడటంతోనే పరీక్ష పూర్తవుతుంది.

రంప పోరాటంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర అండమాన్‌లో శిక్ష అనుభవించి, 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. అటువంటివారు బాధపడిన చోటును తెరకెక్కించేవారు ఆ గదుల చీకటిని, ఆ ముఖాల వన్నెను ఉన్నవి ఉన్నట్టు చూపించవలసి ఉంటుంది. కనుక దీవుల్లో చిత్రీకరణ తలపెట్టే నిర్మాతలు పరీక్ష పరికరాలను, వాటిని అక్కడే వినియోగించేందుకు తగిన వ్యవధిని మొదటి బడ్జెట్‌లోనే కేటాయించాలి. సత్యం పట్ల చలనచిత్రకారుల కనీస ధర్మం ఇది.