ఎత్తు చెప్పని లెక్క

తిరుపతి నుంచి తిరుమలకు వెళ్లాలంటే అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కాలి. శ్రీనివాసమంగాపురం వైపున్న శ్రీవారి మెట్టు దారిలో అయితే 2,388. బస్సెక్కితే ఘాట్ రోడ్డు. మొదటిది 1944లో వచ్చింది, రెండోది 1974లో. ఊరు సముద్రమట్టానికి సుమారు 150 మీటర్ల ఎత్తున ఉంది, కొండపైన గుడి దాదాపు 850 మీటర్ల ఎత్తున ఉంది. ఊళ్లో ఒకే చోట బయలుదేరిన వాళ్లు ఏ దారి పట్టినా, చివరికి పైకి చేరాల్సింది ఆ ఏడు వందల మీటర్లే.

అరవై కిలోల మనిషిని అంత ఎత్తుకు చేర్చాలంటే భూమ్యాకర్షణకు ఎదురుగా చేయాల్సిన పని సుమారు 4 లక్షల 10 వేల జౌళ్లు. తిండి లెక్కలో చూస్తే వంద కిలో కాలరీలకు కాస్త అటూ ఇటూ. అలిపిరి మెట్ల దారిలో వెళ్లేవాళ్లు అవ్వాచారి కోనలోకి దిగి, మళ్లీ మోకాళ్ల పర్వతం ఎక్కుతారు. దిగేటప్పుడు భూమి ఇచ్చినదాన్ని ఎక్కేటప్పుడు అణా పైసలతో తిరిగి తీసుకుంటుంది. ఎన్ని ఎగుడుదిగుళ్లున్నా లెక్కలో మిగిలేది బయలుదేరిన చోటుకూ చేరిన చోటుకూ ఉన్న తేడా ఒక్కటే. ఇలాంటి బలాలను మన పాఠ్యపుస్తకాలు నిత్యత్వ బలాలంటాయి. ఆ బలం పనిచేసే చోట ప్రతి బిందువుకూ ఒక సంఖ్య కేటాయించవచ్చు. ఆ సంఖ్యే పొటెన్షియల్.

ఎంత అందమైన ఆలోచన ఇది! బలాన్ని చెప్పాలంటే మూడు దిశల్లో మూడు సంఖ్యలు కావాలి. పొటెన్షియల్‌కు ఒక్కటి చాలు. అది ఎటువైపు, ఎంత వాలుగా తగ్గుతోందో చూస్తే బలం మొత్తం మళ్లీ చేతికొస్తుంది. అయితే ఈ పొదుపు ఊరికే రాలేదు. దారిని మరచిపోతేనే వచ్చింది.

కొండపైన క్యూలో నిలబడ్డ ఇద్దరిలో ఒకరు బస్సులో వచ్చి ఉండవచ్చు, ఇంకొకరు మోకాళ్లతో మెట్లెక్కి ఉండవచ్చు. ఇద్దరి బరువూ ఒకటైతే, ఆ ఎత్తు వల్ల నిల్వ ఉన్న శక్తి, అంటే స్థితిజ శక్తి, ఇద్దరికీ ఒకటే. మన కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో దాదాపు నాలుగో వంతే పనిగా మారుతుంది. మిగతాదంతా వేడిగా, చెమటగా పోతుంది. ఆ చెమట లెక్క ఎత్తులో ఎక్కడా కనిపించదు. బ్యాంకు ఖాతా తనలోని నిల్వ ఎంతో చెబుతుంది, ఆ డబ్బు ఎవరు ఎలా సంపాదించారో చెప్పదు. ఎత్తు కూడా అంతే.

మా చిత్తూరు సీమలో ఈ విషయం కొండల కన్నా నీళ్ల దగ్గర బాగా అర్థమవుతుంది. వెయ్యి అడుగుల బోరు నుంచి వెయ్యి లీటర్ల నీళ్లు పైకి రావాలంటే భూమికి చెల్లించాల్సింది ఒక యూనిట్ కరెంటుకు కాస్త తక్కువ. మోటారులో, పైపుల్లో పోయేది దానికి అదనం. రైతుకు సున్నా అంటే తన చేను గట్టు, బోరులో నీరు అక్కడి నుంచి మైనస్ మూడు వందల మీటర్లు. ఇంజనీరుకు సున్నా సముద్రమట్టం. గ్రహాల లెక్కలు కట్టేవాళ్లకు సున్నా అనంత దూరం. సున్నాను ఎవరు ఎక్కడ పెట్టుకున్నా నీరు పైకి తెచ్చే ఖర్చు మారదు. నిజమైనది తేడా ఒక్కటే.

హంద్రీ-నీవా పథకం శ్రీశైలం జలాశయపు నీటిని మాల్యాల దగ్గర ఎత్తిపోసి, దశలవారీగా రాయలసీమ మీదుగా తెస్తుంది. 2025లో ఆ కృష్ణా నీళ్లు కుప్పం చేరాయి. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, అంటే సుమారు 270 మీటర్లు. కుప్పం 600 మీటర్లకు పైనే ఉంది. ఒక టీఎంసీ నీటిని 350 మీటర్లు ఎత్తాలంటే, ఏ నష్టమూ లేదనుకున్నా, రెండున్నర కోట్ల యూనిట్లకు పైగా విద్యుత్తు కావాలి. చెరువులో నిలిచిన ఆ నీటిని చూసినవాళ్లకు పంపులూ కనబడవు, కాలువ తవ్విన చేతులూ కనబడవు. కానీ ఆ నీటి ఎత్తు నిండా ఉన్నది వాళ్ల పనే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇదే. ఒక పిల్లవాడిలో శక్తి ఉందని మనం అన్నప్పుడు రేపటి వైపు చూస్తాం, అది వాడి ఒక్కడి సొత్తనుకుంటాం. భౌతికశాస్త్రం ఈ రెండూ ఒప్పుకోదు. స్థితిజ శక్తి ముందే జరిగిపోయిన పనికి నిల్వ. పైగా అది రాయిలోనూ లేదు, భూమిలోనూ లేదు. రాయీ భూమీ కలిసిన అమరికలో ఉంది. భూమిని తీసేస్తే కొండమీది రాయికి ఏ ఎత్తూ లేదు.

పొటెన్షియల్‌కు ఆ పేరు పెట్టిన జార్జ్ గ్రీన్ జీవితమే దీనికి సాక్ష్యం. గణితవేత్తలు లాగ్రాంజ్, లాప్లాస్ అంతకుముందే ఆ ప్రమేయాన్ని వాడారు. దానికి పేరూ, బలమైన సిద్ధాంతమూ ఇచ్చినవాడు గ్రీన్. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో రొట్టెలు కాల్చి అమ్మేవారి కొడుకు. బడిలో గడిపింది ఏడాదికి కాస్త ఎక్కువ. తండ్రి కట్టిన గాలిమరలో పిండి ఆడిస్తూ గణితం నేర్చుకున్నాడు. 1828లో సొంతంగా అచ్చువేయించిన పుస్తకాన్ని కొన్నవాళ్లు యాభైమందికి అటూ ఇటూ. వాళ్లలో ఒకరైన ఎడ్వర్డ్ బ్రామ్‌హెడ్ ప్రోత్సహిస్తే నలభయ్యో ఏట కేంబ్రిడ్జిలో విద్యార్థిగా చేరాడు. 1841లో చనిపోయాడు. ఆ తర్వాతే భౌతికశాస్త్రవేత్త విలియం థామ్సన్ ఆ పుస్తకాన్ని వెతికి పట్టుకుని మళ్లీ అచ్చు వేయించి లోకానికి చూపించాడు. ఇవాళ గ్రీన్ సిద్ధాంతం చదవకుండా ఎమ్మెస్సీ ఫిజిక్స్ పూర్తికాదు. గ్రీన్ మేధస్సు ఎంత గొప్పదైనా, బ్రామ్‌హెడ్, థామ్సన్ లేకపోతే మనకు అందేది కాదు.

1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు జరిగింది కూడా ఒక ఎత్తిపోతే. అక్షరం రాని ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు అక్కడ డిగ్రీలు పుచ్చుకున్నారు. వాళ్ల ర్యాంకులు రికార్డుల్లో ఉన్నాయి. ఫీజు కోసం అమ్మిన ఆవు ఆ రికార్డుల్లో లేదు, చెల్లెలు మానేసిన చదువూ లేదు.

పొటెన్షియల్ దారిని మరచిపోవడంలో తప్పు లేదు. అలా మరచిపోవడం వల్లే అది అంత బాగా పనిచేస్తుంది. ఆ మరపు మనుషుల మధ్యకు వస్తేనే అన్యాయం. పైన ఉన్నవాళ్లందరినీ ఒకే ఎత్తుతో కొలిచి, కింద ఉన్నవాళ్లలో శక్తి లేదని తేల్చేస్తాం. సూత్రం వదిలేసిన లెక్కను గుర్తుపెట్టుకోవడం మన బాధ్యత. ఎవరు ఏ దారిన వచ్చారో అడగాలి, వాళ్లను ఎత్తిన చేతులెవరివో తెలుసుకోవాలి. ఎత్తున ఉన్న మనం మరొకరిని ఎత్తడానికి చేసే పనితోనే ఆ బాకీ కొంతైనా తీరుతుంది.