రోహిణీ నది నీళ్లు

జ్యేష్ఠమాసంలో ఉదయగిరి మెట్టపొలాల ఎండ సంగతి మనకు తెలుసు. బుద్ధుడి కాలంలో అలాంటి రోజుల్లోనే రోహిణీ నది దగ్గర శాక్యులకూ కోలియులకూ తగవు వచ్చింది. నదిలో ఉన్న నీళ్లు ఒక్క తడికే చాలుతాయి. ముందు మా పైరుకంటే మా పైరుకని కూలీలు కొట్టుకున్నారు, కులాలెత్తి తిట్టుకున్నారు, చివరికి రాజులే కత్తులు దూశారు. శాక్యులు బుద్ధుడికి తండ్రివైపు వాళ్లు, కోలియులు తల్లివైపు. ఆయన మధ్యకొచ్చి, నీళ్ల విలువెంత, మనుషుల విలువెంత అని అడిగాడట. మొదటే ధర్మోపదేశం కాదు, ఆ ప్రశ్న! నాకు అదే గొప్పగా అనిపిస్తుంది. సోమశిల జలాశయం నీళ్ల కోసం ఎదురుచూసే ఆత్మకూరు రైతుకు అందులోని బరువు ఇట్టే తెలుస్తుంది. ఆ ప్రశ్నతో రోహిణి దగ్గర దూసిన కత్తులు దించేశారు. ఒక్కో వైపు నుంచి 250 మంది యువకులు బుద్ధుడి వెంట భిక్షువులయ్యారని బౌద్ధకథ.