లేని దారి

మా బహదూర్‌పల్లి ఇంటికి, 1990లలో, మావారు చవగ్గా ఒక టీవీ గేమ్ పెట్టె కొనుక్కొచ్చారు. క్యాసెట్ నిండా ఆటలే. మావాడికి మాత్రం మోటారు సైకిలు పందెం ఒక్కటే లోకం. 1984లో జపాన్ నింటెండో వాళ్లు తయారుచేసిన 'ఎక్సైట్ బైక్' అది. అదేపనిగా జోరు పెంచితే ఇంజను వేడెక్కి బండి ఆగిపోతుంది. (వంటింట్లో నా సంగతీ అంతే, గమనించేవాళ్లేరీ!) గుట్టలూ గుంటలూ పేర్చి పందెం దారి మనమే కట్టుకోవచ్చు అందులో. కట్టింది దాచుకోవాలంటే మాత్రం జపాన్‌లో అమ్మిన వేరే టేపు యంత్రం కావాలి. అది మాకెక్కడిది? స్విచ్ తీస్తే అంతా మాయం.

ఒక రాత్రి అన్నానికి ఎంత పిలిచినా రాడు. విసుగొచ్చి స్విచ్ తీసేశాను. ఘొల్లుమన్నాడు.

"లేని దారికి ఏడుపేమిట్రా?" అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఇరవై ఒక్క చుక్కల ముగ్గు వేసి నడుం ఎత్తానో లేదో, వాడు సైకిలు దాని మీంచే నడిపించుకుపోయాడు. నా కేకకి వెనక్కి తిరిగి, "రేపు నువ్వే నీళ్లు చల్లి చెరిపేస్తావుగా అమ్మా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

నేనే చెరపడం వేరు కదండీ! ఎందుకు వేరో చెప్పబోతే, నా మాటలన్నీ వాడి తరఫున సాక్ష్యం చెప్పేవే అయ్యాయి. చెరిగిపోతుందని తెలిసే కట్టాడు వాడు. దానిమీద ఒక్కసారైనా బండి నడిపి చూసుకోనివ్వలేదు నేను. మావారితో అంటే, "పిల్లాడి ఆటకి ఇంత తర్కమా?" అని పేపరు అడ్డం పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం చారు పొయ్యి మీంచి దించి, "ఇంకా ఎంతసేపురా?" అనడిగాను.

"ఒక్క గుట్ట, ఒక్క పందెం" అన్నాడు.

పక్కన కూర్చున్నాను.